సంఘానికి చాట్ గ్రూపు ఒక్కటే చాలదు

వృత్తి నిపుణుల సంఘానికి చాట్ గ్రూపు ఒక్కటి ఉంటే చాలునన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. విజయవాడలో మేము కొందరు సివిల్ ఇంజనీర్లం నడిపిన గ్రూపులో, సెల్లారు గోడకు చెమ్మ ఎందుకు వస్తోందో ఒక పెద్దాయన ఫొటోలతో సహా ఓపికగా వివరించిన జవాబు మర్నాటికే శుభోదయం బొమ్మల కింద మరుగున పడిపోయింది. ఆరు నెలల తరువాత అదే ప్రశ్న మరొకరు అడిగితే వెతికి తీసి ఇవ్వడం మాలో ఎవరి వల్లా కాలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. వాట్సాప్ గ్రూపులో 1,024 మందికి మించి చేరలేరు. టెలిగ్రామ్‌లో 2 లక్షల మంది వరకు చేరవచ్చు, ఫోన్ నంబరు కనిపించకుండా పెట్టుకోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యంగా పునాదులు, అనుమతులు, ఉద్యోగాలు అంటూ అంశాలవారీగా చర్చలను విడదీయవచ్చు. 2003లో మొదలైన లింక్డ్‌ఇన్ ఉద్యోగ పరిచయాలకు మేలే గాని, నిర్మాణం జరిగే చోట నిలబడి అప్పటికప్పుడు సందేహం అడగడానికి అంత అనువైనది కాదని నా అభిప్రాయం.