ఆ క్లీన్.బ్యాట్ ఏ ఫోల్డర్‌ని ఊడుస్తుందో చూశారా?

ఈ నెలలో ఈ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. పంపినవాళ్లు నలుగురూ వేరు, మెసేజ్ మాత్రం దాదాపు అదే. "మీ కంప్యూటర్ పదింతల స్పీడ్! కింది లైన్లు నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి క్లీన్.బ్యాట్ అని సేవ్ చేయండి. జంక్ పేరుకున్న ఫోల్డర్‌లో ఆ ఫైల్ పెట్టి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టండి. ఆ ఫోల్డర్‌ని తప్ప దేన్నీ ముట్టుకోదు." దాని కింద కొన్ని భరోసాలు. (బ్యాట్ ఫైల్ అంటే విండోస్ ఒకదాని తర్వాత ఒకటి నడిపే కమాండ్ల చిట్టా.) మొదటి ముగ్గురికీ మర్యాదగా జవాబు రాశాను. నాలుగో ఆయన "అన్నా, మా ఆఫీసులో అందరికీ పంపేశా" అన్నాడు. ఇక మర్యాద నావల్ల కాదు.

చిన్నవి ముందు వదిలించుకుందాం. డీఎన్ఎస్ ఫ్లష్ చేస్తే నెట్ స్పీడ్ పెరుగుతుందట. పెరగదు. సైట్ల పేర్లకు ఐపీ అడ్రస్‌లు రాసుకున్న చిట్టా చెరిగిపోతుంది, కంప్యూటర్ మళ్లీ అడిగి రాసుకుంటుంది, అంతే. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే ప్రోగ్రాములు వేగంగా తెరుచుకుంటాయట. అవి వేగంగా తెరుచుకోవడం కోసమే ఎక్స్‌పీ కాలం నుంచీ విండోస్ ఆ ఫోల్డర్‌లో నోట్సు రాసుకుంటోంది. పరీక్ష ముందు రోజు నోట్సు చించేసి, బరువు తగ్గిందని సంబరపడటం లాంటిది ఇది.

"బ్యాట్ ఫైల్ ఉత్త టెక్స్ట్, అందులో వైరస్ ఉండదు." 2000 మేలో ప్రపంచమంతటా మెయిల్ సర్వర్లను స్తంభింపజేసిన ఐలవ్యూ వైరస్ కూడా ఉత్త టెక్స్టే. వీబీస్క్రిప్ట్‌లో రాసిన ఫైల్ అది. పైగా నెట్ నుంచి దించుకున్న ఫైల్ మీదైతే విండోస్ ఒక గుర్తు వేసి, తెరిచేముందు హెచ్చరిస్తుంది. నోట్‌ప్యాడ్‌లో మీ చేత్తో పేస్ట్ చేసి సేవ్ చేసినదాని మీద ఆ గుర్తు ఉండదు. ఎవరో రాసింది మీ సొంత ఫైల్ అయిపోతుంది.

"పర్మిషన్ అడిగే బాక్సులో వెరిఫైడ్ పబ్లిషర్: మైక్రోసాఫ్ట్ విండోస్ అని వస్తుంది, కాబట్టి సేఫ్." ఇది రాసినవాడి తెలివికి దండం పెట్టాలి. ఆ పేరు మీ స్క్రిప్ట్‌ది కాదు, దాన్ని చదివి నడిపే విండోస్ కమాండ్ ప్రాసెసర్‌ది. అంటే సీఎండీ.ఈఎక్స్ఈ. కంప్యూటర్ మొత్తం చెరిపేసే లైన్లు రాసినా ఆ బాక్సులో మైక్రోసాఫ్ట్ పేరే వస్తుంది. బాక్సులో వివరాలు చూపించమని నొక్కితే మీ బ్యాట్ ఫైల్ ఎక్కడుందో కనిపిస్తుంది. అది ఎవరూ నొక్కరు.

"మీది అడ్మిన్ అకౌంటే కదా, మామూలుగా తెరిచినా రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొట్టినా ఒకటే." 2007లో విస్టా వచ్చాక ఇది నిజం కాదు. అడ్మిన్ అకౌంట్‌తో లాగిన్ అయితే రెండు టోకెన్లు (ఏమేం చేయొచ్చో చెప్పే అనుమతి పత్రాలు) తయారవుతాయి: పూర్తి అధికారాలున్నది ఒకటి, కత్తిరించినది ఒకటి. రోజువారీ పనులన్నీ కత్తిరించిన దానితోనే నడుస్తాయి. ఆ పర్మిషన్ బాక్సులో యెస్ కొట్టినప్పుడే పూర్తిది బయటికి వస్తుంది.

ఇక అసలు సంగతి. "ఆ ఫోల్డర్‌ని తప్ప దేన్నీ ముట్టుకోదు" అన్న మాట. మెసేజ్ మొత్తంలో జనానికి ధైర్యమిచ్చేది ఇదే, పచ్చి అబద్ధమూ ఇదే.

బ్యాట్ ఫైల్‌ని డబుల్ క్లిక్ చేస్తే అది తానున్న ఫోల్డర్‌లోనే పని మొదలుపెడుతుంది. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ కొడితే సీ డ్రైవ్‌లో విండోస్\సిస్టమ్32లో, అంటే విండోస్ సొంత ఫైళ్లుండే ఫోల్డర్‌లో మొదలుపెడుతుంది. మీరు ఫైల్‌ని డౌన్‌లోడ్స్‌లో పెట్టారా, డెస్క్‌టాప్ మీద పెట్టారా అన్నది దానికి అనవసరం. నా మాట నమ్మొద్దు. సీడీ (ఏ ఫోల్డర్‌లో ఉన్నామో చెప్పే, ఫోల్డర్ మార్చే కమాండ్), పాజ్ (కాసేపు ఆగమనేది) అని రెండే లైన్లతో ఒక బ్యాట్ ఫైల్ రాసి, రెండు విధాలా నడిపి చూడండి. ఏమీ పాడుకాదు. ఏ ఫోల్డర్‌లో ఉందో అదే చెబుతుంది.

ఇప్పుడు మెసేజ్‌లోని ముఖ్యమైన లైన్ చూడండి: డెల్ /ఎఫ్ /ఎస్ /క్యూ *.*. డెల్ అంటే చెరిపేయమని, *.* అంటే ఫైళ్లన్నిటినీ అని. ఎఫ్ అంటే రీడ్ ఓన్లీ ఫైళ్లనీ వదలొద్దని. ఎస్ అంటే లోపలి ఫోల్డర్లన్నిట్లోకీ వెళ్లమని. క్యూ అంటే "నిజంగానే చెరపమంటారా?" అని అడగొద్దని. కంప్యూటర్‌కి అనుమానం వచ్చి అడిగే ఒక్క ప్రశ్ననీ ముందే నొక్కేసి, దాన్ని సిస్టమ్32లోకి తోలుతున్నారు. చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా రావు. బాగా శుభ్రపడుతుంది, సందేహం లేదు.

"మా వెర్షన్‌లో ముందు సీడీ లైన్ ఉందిగా" అని ఇంకొకాయన. ఉంది, డీ డ్రైవ్‌లోని ఫోల్డర్ పేరుతో. కానీ /డి స్విచ్ పెట్టకపోతే సీడీ కమాండ్ డ్రైవ్ మారదు, మారలేదని చెప్పదు కూడా. ఆ ఫోల్డర్ మ్యాప్ చేసిన నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఉంటే, అడ్మిన్‌గా తెరిచిన విండోకి ఆ డ్రైవే సాధారణంగా కనిపించదు. సీడీ ఫెయిలైతే స్క్రిప్ట్ ఆగుతుందనుకుంటున్నారా? ఆగదు. తర్వాతి లైన్‌కి పోతుంది. తర్వాతి లైన్ ఏమిటో పైన చదివారు.

నేనూ ఈ దెబ్బ తిన్నవాడినే. పాత లాగులు (ప్రోగ్రాములు రాసుకునే రికార్డు ఫైళ్లు) చెరపడానికి రాసుకున్న స్క్రిప్ట్‌లో ఆ /డి మర్చిపోయాను. డీ డ్రైవ్‌లో లాగులు చెక్కుచెదరలేదు, సిస్టమ్32లోవి పోయాయి. *.లాగ్ అని రాశాను కాబట్టి బతికిపోయాను.

ఒకటి ఒప్పుకోవాలి. ఆ డెల్ లైన్ ఒక్కటే నడిస్తే విండోస్ మొత్తం కూలిపోకపోవచ్చు. విండోస్ సొంత ఫైళ్లలో చాలావాటికి ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే విండోస్ సొంత సర్వీసు యజమాని, వాటిని చెరిపే హక్కు అడ్మిన్‌కీ ఉండదు. యాక్సెస్ డినైడ్ అని వరసగా వస్తుంది. బయటి డ్రైవర్లు, ప్రోగ్రాములు పెట్టుకున్న ఫైళ్లకు ఆ రక్షణ లేదు. షెడ్యూల్డ్ టాస్కుల ఫోల్డర్ కూడా అక్కడే ఉంటుంది.

మెసేజ్ రాసిన మహానుభావుడు దీనికీ మందు రాశాడు: "యాక్సెస్ డినైడ్ వస్తే ఈ రెండు లైన్లు పైన కలపండి." ఒకటి ఫైల్ యజమానిని మార్చే టేకోన్, రెండోది ఫైల్ హక్కులు మార్చే ఐక్యాకల్స్. మిగిలిన ఆ ఒక్క తాళం కూడా పగలగొట్టమని. దొంగకి ఇల్లు చూపించడమే కాదు, గునపం కూడా చేతికిచ్చాడు.

చివరి పాయింట్, "యూఏసీ ఉత్త విసుగు, ఆపేయండి." యూఏసీ అంటే పైన చెప్పిన ఆ పర్మిషన్ బాక్సు చూపించేది. విసుగన్న మాట నిజమే. విస్టాలో ప్రాణం తీసేది, విండోస్ 7లో తగ్గించారు. దాన్ని గట్టి భద్రతా సరిహద్దుగా మైక్రోసాఫ్ట్ కూడా లెక్కపెట్టలేదు. కానీ ఆపేస్తే కోరిన ప్రతి స్క్రిప్టుకీ మిమ్మల్ని అడగకుండానే పూర్తి టోకెన్ దొరుకుతుంది. విసుగు పోతుంది, దానితో పాటు ఇంకేం పోతాయో చెప్పలేం.

అడ్మిన్ బ్యాచ్ ఫైళ్లు నా దగ్గరా ఉన్నాయి. ప్రింటర్ మొరాయిస్తే స్పూలర్ (ప్రింట్ పనుల్ని వరసలో పెట్టే సర్వీసు) ఆపి, ప్రింట్ క్యూ ఖాళీ చేసి, మళ్లీ మొదలుపెట్టేది వారానికోసారైనా వాడతాను. అందులో చెరపాల్సిన ఫోల్డర్ పూర్తి దారి రాసి ఉంటుంది. తానున్న చోటే పనిచేయాల్సిన ఫైలైతే మొదటి లైన్ ఇలా పెడతాను: సీడీ /డి "%~డీపీ0" || ఎగ్జిట్ /బి. ఫైల్ ఉన్న ఫోల్డర్‌కి వెళ్లు, వెళ్లలేకపోతే అక్కడితో ఆగు అని దాని అర్థం. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే చేయాలి.

ఇప్పటికే నడిపేసినవాళ్లు అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ కొట్టండి. విండోస్ సొంత ఫైళ్లు పోయి ఉంటే తిరిగి పెట్టడానికి చూస్తుంది. డ్రైవర్లు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. టాస్కులు బ్యాకప్‌లో లేకపోతే మళ్లీ రాసుకోవాలి. ఆఫీసంతా పంపిన ఆయనకి నిన్ననే ఫోన్ చేశాను, ఎత్తలేదు.