పొట్టి గొలుసు పీఫాస్‌తో భయం లేదన్న మెసేజ్‌లో తప్పులు

“పీఫాస్ గురించి టెన్షన్ వద్దు. ప్రమాదకరమైన పాత రసాయనాలు పోయాయి. ఇప్పుడు వాడే పొట్టి గొలుసువి ఒంట్లోంచి త్వరగా వెళ్లిపోతాయి. కార్బన్ ఫిల్టర్ చాలు, లేదంటే నీళ్లు మరిగించండి.” చాలామంది పంచుకుంటున్న ఈ మాటల్లో సగం నిజం ఉంది. అందుకే నమ్మబుద్ధేస్తుంది. పీఫాస్ అంటే కార్బన్ గొలుసుకు ఫ్లోరిన్ అతుక్కుని ఉండే, తేలిగ్గా విరగని రసాయనాల గుంపు. గొలుసులో కార్బన్లు తక్కువుంటే పొట్టి గొలుసువి, ఎక్కువుంటే పొడుగు గొలుసువి.

త్వరగా పోతాయన్నదే ఆ సగం. పాత రకమైన ఎనిమిది కార్బన్ల పీఎఫ్‌ఓఏ ఒంట్లో సగానికి తగ్గడానికి ఏళ్లు పడుతుంది. పొట్టి గొలుసువాటిలో, నాలుగేసి కార్బన్లున్న పీఎఫ్‌బీఏకు కొన్ని రోజులు, పీఎఫ్‌బీఎస్‌కు దాదాపు నెల. కానీ తాగే నీళ్లలోనే అవి ఉంటే, నిన్నటిది పోయేలోపే ఇవాళ్టిది లోపలికి చేరుతుంది. పైగా ఒంట్లోంచి పోయింది ఎక్కడా విరిగిపోదు, మూత్రంతో మళ్లీ నీళ్లలోకే వస్తుంది. ఇక హాని సంగతి. పీఎఫ్‌ఓఏకు బదులుగా తెచ్చిన జెన్‌ఎక్స్ అనే రసాయనం జంతువులపై చేసిన పరీక్షల్లో కాలేయాన్ని దెబ్బతీసింది. అమెరికాలోని నార్త్ కరోలినాలో, కేప్ ఫియర్ నది నీళ్లు తాగే జనానికి తమ నీళ్లలో అది ఉందని 2017లో గానీ తెలియలేదు.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది కార్బన్ ఫిల్టర్ మాట. నీటికి దూరంగా జరిగే ఆ ఫ్లోరిన్ గొలుసే కార్బన్‌కు అతుక్కుంటుంది. గొలుసు పొట్టిదైతే పట్టు కూడా తక్కువే. అందుకే పీఎఫ్‌ఓఏను ఇంకా బాగానే ఆపుతున్న ఫిల్టర్‌లోంచి పీఎఫ్‌బీఏ ఎప్పుడో జారిపోతుంటుంది. అంతటితో ఆగదు. తర్వాత వచ్చే పొడుగు గొలుసువి ముందే అతుక్కున్న పొట్టివాటిని తోసేసి ఆ చోటు పట్టుకుంటాయి. అప్పుడు ఫిల్టర్‌లోకి వెళ్లే నీళ్లలో కన్నా బయటికి వచ్చే నీళ్లలోనే పొట్టివి ఎక్కువ ఉండొచ్చు! సమయానికి మార్చని ఫిల్టర్‌ను నమ్ముకోవడం ఇందుకే ప్రమాదం.

మరిగిస్తే ఆవిరయ్యేది నీరే. ఇవి గిన్నెలో మిగిలి ఇంకా చిక్కబడతాయి.

మరి ఏది పనిచేస్తుంది? ఆర్‌ఓ, నానోఫిల్ట్రేషన్ అనే అతి సన్నని రంధ్రాల పొరలు పొట్టివాటిని కూడా చాలావరకు ఆపుతాయి. విద్యుదావేశం ఉన్న కణాలను నీళ్లలోంచి పట్టుకునే అయాన్ ఎక్స్ఛేంజ్ రెజిన్ గుళికలు ఉన్న ఫిల్టర్ పీఎఫ్‌బీఎస్‌ను కార్బన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది, పీఎఫ్‌బీఏ దగ్గర మాత్రం తడబడుతుంది. అయితే ఇవన్నీ వేరు చేసేవే, నాశనం చేసేవి కావు. ఆర్‌ఓ వదిలేసే నీళ్లలో అవి చిక్కగా ఉంటాయి. విద్యుత్‌తో ఆక్సీకరణం చేసి విరగ్గొట్టే పద్ధతులున్నాయి గానీ, ఆ పని సగంలో ఆగితే పొడుగు గొలుసు తెగి పొట్టి గొలుసులే తయారవుతాయి. కాబట్టి ఫిల్టర్ అమ్మేవాళ్లు “పీఫాస్ 99 శాతం పోతుంది” అంటే, ఏ పీఫాస్ మీద పరీక్షించారో, ఎన్ని లీటర్ల తర్వాత కొలిచారో అడగండి.