కచేరీకి ముహూర్తం ఎవరు పెట్టాలి?

2024 సెప్టెంబరు మూడో వారంలో, హైదరాబాద్‌లో, అమెరికాలోని మన సంఘం తరఫున నేను ఒక మనిషికి శాలువా కప్పాను. అతడు కవి కాడు, గాయకుడు కాడు. ఖమ్మంలో మున్నేరు దగ్గర ఇల్లుండి, ఆటో నడుపుకునే మనిషి. ఆ నెల ఒకటో తేదీన ఏరు అతని ఇంట్లోకి వచ్చింది. వరద బాధితుల సహాయార్థం మనం ఏర్పాటు చేసిన సంగీత విభావరిలో, రెండు పాటల మధ్య, అతణ్ణీ మరో ముగ్గురినీ వేదిక మీదికి పిలిచారు. శాలువా అందుకుంటున్నప్పుడు అతని చేతులు చూశాను. గోళ్ల చుట్టూ, వేళ్ల ముడతల్లో బురద ఎండి తెల్లగా ఉంది. కడిగితే పోయే బురద కాదది. ఇరవై రోజులుగా ఇల్లు కడుగుతున్న చేతులవి. సభ చప్పట్లు కొట్టింది. అతడు దండం పెట్టి, ఎటు దిగాలో తెలియక, వచ్చిన వైపే దిగిపోయాడు.

బయట కారు దగ్గర నన్ను అడిగాడు: "శాలువా ఎందుకు కప్పారు సార్?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలలేదు, అందుకే ఈ వ్యాసం.

అతడు నాకెలా తెలుసో చెప్పాలి. కూకట్‌పల్లిలో మా అమ్మ ఉండే అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యకు అతడు సొంత తమ్ముడు. వరద తీసిన మూడో రోజున, ఇంట్లో మిగిలిన కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసుకుని అక్క దగ్గరికి వచ్చాడు. ఆధార్ కార్డులు, ఆటో ఆర్సీ, కూతురి పదో తరగతి మెమో. కవర్లో పెట్టి దాచినా నీళ్లు లోపలికి వెళ్లాయి. మా అమ్మ వంటింటి గట్టు మీద అతని అక్క తన పాత చీర పరిచి, ఇస్త్రీపెట్టెను కాస్తంతే వేడిచేసి, ఒక్కో కాగితాన్నీ చీర మడతల మధ్య పెట్టి ఒత్తుతోంది. గట్టిగా ఒత్తితే అక్షరాలు చీరకు అంటుకుంటాయి, ఒత్తకపోతే కాగితం ముద్దవుతుంది. మెమో మీద బడి ముద్ర నీలంగా అలుక్కుపోయింది. పేరు, మార్కులు మాత్రం నిలిచాయి. ఆ రెండూ కనిపించగానే ఆమె పెట్టె పక్కన పెట్టి, నేల మీద కూర్చుని ఏడ్చింది.

సరిగ్గా ఆ సాయంత్రమే నా ఫోను మోగింది. మన సాంస్కృతిక విభాగం మిత్రులు. హాలు దొరికింది, ఇద్దరు గాయకులు ఉచితంగా పాడతామన్నారు, వాళ్లకు ఆ ఒక్క ఆదివారమే ఖాళీ. "ఇప్పుడు కాకపోతే మళ్లీ జనం రారు" అన్నారు. నేను సరేనన్నాను. అవతల గదిలో ఇస్త్రీపెట్టె కింద కాగితాలు ఇంకా ఆరనేలేదు, నేను సరేనన్నాను.

ఆ తేదీని ఎవరు నిర్ణయించారో చూడండి. హాలు ఖాళీ, గాయకుల ఖాళీ, అమెరికా నుంచి వచ్చిన మన సభ్యుల తిరుగు ప్రయాణం. వరద వచ్చినవాళ్ల ఖాళీ ఎవరూ అడగలేదు. ఆటో ఇంజన్లోకి ఒండ్రు చేరింది. ఊళ్లో మెకానిక్కు దగ్గర మునిగిన ఆటోలు బారులు తీరి ఉన్నాయి. ఇతని వంతు ఆ ఆదివారమే వచ్చింది. మనం బస్సు పంపి పిలిపించాం కాబట్టి, పెద్దవాళ్లు పిలిస్తే రాకపోతే బాగుండదని వచ్చాడు. వంతు పోయింది. మళ్లీ వంతు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆటో నడవని పదకొండు రోజులంటే ఆ ఇంటికి ఏమిటో లెక్క వేయడానికి మనకు టికెట్ల లెక్కలు అడ్డం వచ్చాయి.

సహాయానికి తొందర ఉండాలి. అందులో నాకు ఏ అనుమానమూ లేదు. అయితే జోలెకు ఉండే తొందర వేరు, వేదికకు ఉండే తొందర వేరు. మన పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేల ప్రాణాలు పోయాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ ముందు నిలిచి, సినిమావాళ్లను వెంటబెట్టుకుని, జోలె పట్టి వీధుల్లో తిరిగారు. పిల్లల చేతిలోని చిల్లర దగ్గర నుంచి ఆడవాళ్ల చేతి గాజుల దాకా జోలెలో పడ్డాయని మా నాన్నగారు చెప్పేవారు. జోలెకు హాలు అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. ఇచ్చేవాడు తన గుమ్మంలోనే ఉంటాడు, తీసుకునేవాడు వేదిక ఎక్కనక్కర్లేదు.

2014లో హుద్‌హుద్ తుపాను విశాఖను అక్టోబరు 12న తాకింది. నటులు తమ విరాళాలను ఆ కొద్ది రోజుల్లోనే ప్రకటించారు. పరిశ్రమ అంతా కలిసి హైదరాబాద్‌లో జరిపిన 'మేము సైతం' వేడుక మాత్రం నవంబరు 30న జరిగింది, అంటే 49 రోజుల తర్వాత. ఆలస్యమైందని జనం మొహం తిప్పుకోలేదు. ఆటలు, పాటలు, హాస్యం అన్నీ చూశారు, డబ్బు కూడా పోగైంది. "వేడి చల్లారితే జనం రారు" అనే మిత్రులకు నేను చెప్పేది ఇదే. ఏడు వారాలు ఆగినా తెలుగువాడి మనసు చల్లారలేదు.

అసలు మనకు ఈ విషయంలో ఇంట్లోనే ఒక పంచాంగం ఉంది. పోయినవారి ఇంట్లో పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికాలు, సంవత్సరీకం. ఏటిసూతకం ఉన్న ఇంట్లో ఏడాదిపాటు పండుగ చేసుకోరు, బతుకమ్మ పేర్చరు. పాతబస్తీలో ముస్లిం ఇంటికి వెళితే మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుమ్. మతం ఏదైనా అందరూ చెప్పుకున్నది ఒకటే. దుఃఖానికి గడువులున్నాయి, ఆ గడువుల్ని దుఃఖంలో ఉన్నవాళ్లే దాటాలి, పక్కింటివాళ్లు వచ్చి దాటించకూడదు. ఆ ఏడాది మన కచేరీ మహాలయ పక్షంలో పడింది. పెద్దలకు తర్పణాలు వదిలే ఆ పదిహేను రోజుల్లో మన ఇళ్లలో పెళ్లి మాటే ఎత్తం. ఆహ్వానపత్రం అచ్చువేసిన మనలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. నేను ఆచారపరుణ్ణి కాను, అయినా సిగ్గుపడ్డాను.

ఇలా అంటే పాటే తప్పన్నట్టు అనిపించవచ్చు. కాదు. చావు ఇంటికీ సంగీతానికీ హైదరాబాద్‌లో ఎన్నడూ వైరం లేదు. డప్పు లేకుండా ఎన్నో ఇళ్ల నుంచి పాడె లేవదు. మన ఆడవాళ్లు పోయినవాళ్ల గుణాలు చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం వెంట నౌహాలు, అంటే శోకగీతాలు, పాడుతూ నగరం వీధుల్లో వేలమంది నడుస్తారు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది నగరాన్ని ముంచినప్పుడు ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనీ కూతురినీ పోగొట్టుకున్నాడు. తనొక్కడే మిగిలాడు. ఆ వరద మీద ఆయన కవిత రాశాడు. ఆయన గొంతుకు గడువు పెట్టే హక్కు ఎవరికీ లేదు. దుఃఖంలో ఉన్నవాడు మొదటి రోజే పాడవచ్చు. అతని పేరు చెప్పి, టికెట్టు పెట్టి, హుషారు పాటలతో మనం పాడించేటప్పుడే అడగవలసినవి వస్తాయి.

అమెరికాలో ఉన్నవారికి 2001 గుర్తుండే ఉంటుంది. సెప్టెంబరు 11న న్యూయార్క్ జంట భవనాల మీద దాడి జరిగాక పదో రోజున అక్కడి పెద్ద టీవీ ఛానళ్లన్నీ కలిసి విరాళాల కోసం పాటల కార్యక్రమం ప్రసారం చేశాయి. ఎదుట ప్రేక్షకులు లేరు, కాబట్టి చప్పట్లు లేవు. గాయకుల పేర్లు చెప్పి పరిచయం చేయలేదు. కొవ్వొత్తులు వెలుగుతుండగా వచ్చి పాడి వెళ్లారు. అదే న్యూయార్క్‌లో అక్టోబరు 20న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన కచేరీలో కేకలున్నాయి, నవ్వులున్నాయి. అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, వాళ్ల కుటుంబాలు ప్రేక్షకులుగా వచ్చి కూర్చున్నారు. పదో రోజుకు ఒక రూపం, ముప్పై తొమ్మిదో రోజుకు ఇంకో రూపం. తేదీతో పాటు పాట తీరు కూడా మారాలని వాళ్లకు తోచింది.

ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ సంగతి ఇంకా దగ్గరగా చూడాలి, ఎందుకంటే అది నా వాదనకు అడ్డం వచ్చే ఉదాహరణ. 2017 మే 22న గాయని అరియానా గ్రాండే కచేరీ ముగిసే వేళ జరిగిన బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. పదమూడు రోజులకే, జూన్ 4న, అదే ఊళ్లో సహాయ కచేరీ జరిగింది. ఇంత త్వరగానా అని చాలామంది అడిగారు. ఆ దాడి నాటి కచేరీకి వచ్చినవాళ్లకు ఉచితంగా టికెట్లిచ్చారు. గాయని ముందుగా బాధిత కుటుంబాలను కలుసుకుంది. చనిపోయిన ఒక అమ్మాయి తల్లి, తన కూతురు హిట్ పాటలే వినాలనుకునేదని చెప్పిందట. అంతకుముందు అనుకున్న పాటల వరసను మార్చేశానని గాయని వేదిక మీదే చెప్పింది. పదమూడు రోజులు తక్కువేమో, కానీ ఆ తల్లిని అడిగారు. ఆమె మాటతో పాటలు మారాయి. మనం మన నలుగురినీ ఏమీ అడగలేదు, బస్సు ఎన్నింటికో మాత్రం చెప్పాం.

డబ్బు సంగతి. కచేరీలో తొందరపడితే డబ్బు తొందరగా చేరుతుందన్న నమ్మకం కూడా నిలవదు. 1971 ఆగస్టు 1న సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ కలిసి న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం చేసిన కచేరీని ప్రపంచమంతా ఇలాంటి కార్యక్రమాలకు ఆది అంటుంది. టికెట్ల మీద వచ్చిన దాదాపు రెండు లక్షల నలభై వేల డాలర్లు యూనిసెఫ్‌కు అందాయి. రికార్డుల మీద, సినిమా మీద వచ్చిన పెద్ద మొత్తాలు మాత్రం పన్ను చిక్కుల్లో ఏళ్ల తరబడి ఆగిపోయాయి. పన్ను మినహాయింపు కాగితాలు ముందే సిద్ధం చేసుకోకపోవడమే కారణం.

మన సంగతి ఇంతకంటే చిన్నది, చిక్కు మాత్రం ఆ జాతిదే. హైదరాబాద్‌లో టికెట్ల మీద వచ్చిన రూపాయలు త్వరగానే చేరాయి. ఇక్కడ డాలర్లలో మనం పోగుచేసింది ఫిబ్రవరి దాకా కదలలేదు. విదేశీ విరాళాల చట్టం కింద నమోదైన, లేదా ముందస్తు అనుమతి పొందిన సంస్థ మాత్రమే విదేశీ పౌరుల సొమ్ము తీసుకోగలదు. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము మొదట ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాకే రావాలి. ఒక సంస్థ పుచ్చుకున్నదాన్ని మరో సంస్థకు మళ్లించడానికి వీల్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఈ చిక్కు లేదు. అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు పెట్టుకున్న నాలాంటివారికి ఉంది. ఇవన్నీ వరదకు ముందు, తీరిగ్గా ఉన్నప్పుడు చూసుకోవలసిన పనులు. తగిన సంస్థతో ఒప్పందం ఇప్పుడే చేసుకుని ఉంచితే, వచ్చే విపత్తుకు మొదటి వారంలోనే డబ్బు పంపగలం. అప్పుడు వేదికకు తొందర ఉండదు.

మూడో నెలలో ఆ ఇంటికి ఏం జరిగిందో కూడా రాయాలి. సెప్టెంబరులో అందరూ వచ్చారు. బియ్యం, దుప్పట్లు, పప్పు, నూనె. దుప్పట్లు ఎన్ని వచ్చాయంటే తడిసిన గోడల మధ్య పెట్టడానికి చోటు లేకపోయింది. ప్రభుత్వం మొదట పదివేలు ప్రకటించింది. డిసెంబరుకు వచ్చినవాళ్లు ఎవరూ లేరు, ఆటో మీద అప్పిచ్చిన ఫైనాన్సు మనిషి తప్ప. మూడు వాయిదాలు బాకీ. కూతురి ఇంటర్ ఫీజు బాకీ. గోడల్లో చెమ్మ ఇంకా దిగలేదు. నది ఒడ్డు పొలాల్లో ఇసుక మేటలు తీయించుకోవడానికి రైతులు అప్పులు చేస్తున్నారని అతడు చెప్పాడు. ఆ వేళకు పత్రికల్లో మున్నేరు మాట లేదు. కచేరీ కావలసింది అప్పుడు. అందరూ చూస్తున్నప్పుడు చూడమని పాడేకంటే, అందరూ మరిచిపోయినప్పుడు గుర్తుచేయడానికి పాడితే గాయకుడి గొంతు నిజంగా పనికొస్తుంది. జనం రారన్న భయం ఉంటే, మనకు దీపావళి ఉంది, సంక్రాంతి ఉంది, ఉగాది ఉంది. ఎలాగూ నిండే సభలవి. అందులో ఒక పూట ఇద్దాం.

వచ్చే నెల మన కార్యవర్గ సమావేశంలో సహాయ కార్యక్రమాల నియమావళి చర్చకు వస్తోంది. బాధితులను అడగకుండా తేదీ పెట్టకూడదని, వాళ్లు కోరితే తప్ప వేదిక ఎక్కించకూడదని, శాలువా అసలే కప్పకూడదని నేను రాసి ఇచ్చాను. మొదటిదాని మీద వాదన వస్తుంది. గాయకుల డేట్లు దొరకడం ఎంత కష్టమో నాకూ తెలుసు. అయినా పట్టుబడతాను.

మొన్న సంక్రాంతికి హైదరాబాద్ వెళ్లినప్పుడు అతనికి ఫోను చేశాను. ఆటో నడుస్తోందట. ఆ కచేరీ ఎప్పుడు పెట్టి ఉంటే బాగుండేదని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, వెనక ఎవరో బేరం ఆడుతున్న గొంతు వినిపించింది.

"ఆటో తిరగడం మొదలయ్యాక పెట్టి ఉంటే మేమే వచ్చేవాళ్లం సార్, టికెట్టు కొనుక్కుని. ఆ పాడినావిడ అంటే మా ఇంట్లో ప్రాణం. ఆ రోజు నేను అంత దగ్గరగా నిలబడ్డాను కదా, ఏ పాట పాడిందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతుంది. నాకు ఒక్కటీ గుర్తులేదు."