ఇంజిన్ నాకింగ్: ముందు కారణం, తర్వాతే ఆక్టేన్

ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకమంటోందని, పికప్ పడిపోయిందని వేసవిలో పెట్రోల్ కార్ల యజమానులు షెడ్డుకు వెళితే తరచూ వినిపించే సలహా ఒకటే: ఖరీదైన పెట్రోల్ కొట్టించండి. ఈ సలహా చాలాసార్లు జేబు ఖాళీ చేస్తుంది, అసలు లోపాన్ని మాత్రం ముట్టుకోదు.

స్పార్క్ ప్లగ్ రాజేసిన మంట సిలిండర్‌లో ఒక చివర నుంచి మరో చివరకు క్రమంగా పాకాలి. మంట ఇంకా చేరని మూలనున్న పెట్రోల్-గాలి మిశ్రమం వేడికి, ఒత్తిడికి తనంతట తానే భగ్గుమంటే ఆ తాకిడే నాకింగ్. అది ముదిరితే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరుగుతాయి, సిలిండర్ పైమూత (హెడ్) కింది గ్యాస్కెట్ పోతుంది. తనంతట అంటుకోకుండా పెట్రోల్ ఎంత ఓర్చుకోగలదో చెప్పేదే ఆక్టేన్ సంఖ్య. దాన్ని శక్తికి కొలతగా చూడటమే గందరగోళానికి మూలం.

ఏ ఆక్టేన్ కావాలో కారు మాన్యువల్‌లో, చాలా కార్లకు పెట్రోల్ మూత లోపలి స్టిక్కర్ మీద ఉంటుంది. అక్కడ 91 అని ఉంటే 100 ఆక్టేన్ కొట్టించినా దాదాపు ఒరిగేదేమీ లేదు. ఇంటర్నెట్‌లో కనిపించే అమెరికా 87ను చూసి కంగారుపడొద్దు, వారి లెక్క వేరు. ఆ 87 మన 91కి దగ్గర. 20 శాతం ఎథనాల్ కలిశాక సాధారణ పెట్రోలే 95 ఆక్టేన్‌కు చేరిందని కేంద్ర ప్రభుత్వం 2025లో చెప్పింది. అలాంటప్పుడు 95 పేరుతో అమ్మే ప్రీమియం రకంలో అదనంగా దొరికేది ప్రధానంగా ఇంజిన్‌ను శుభ్రం చేసే రసాయనాలే.

కాబట్టి వెతకాల్సింది ఇంజిన్‌లో. మొదట కూలెంట్. వేసవిలో రేడియేటర్‌లో బోరు నీళ్లు పోసే అలవాటు ఇక్కడ గట్టిగానే ఉంది. ఆ నీళ్లలోని ఉప్పు పేరుకుని దారులు పూడుకుపోతే హెడ్ వేడెక్కుతుంది, మంచి పెట్రోల్ కూడా ఓర్చుకోలేదు. డిస్టిల్డ్ వాటర్, గాఢ (కాన్సంట్రేట్) కూలెంట్ చెరిసగం కలిపి పోయాలి. ఫ్యాన్ సమయానికి తిరుగుతోందా, వేడెక్కగానే కూలెంట్‌కు దారి ఇచ్చే థర్మోస్టాట్ తెరుచుకుంటోందా అన్నది చూడాలి. తర్వాత కార్బన్: పిస్టన్ తల మీద పేరుకుంటే కంప్రెషన్ (మిశ్రమం నొక్కుకునే ఒత్తిడి) పెరుగుతుంది, మసి కణికలు ఎర్రగా కాలుతూ ముందే నిప్పు పెడతాయి. ప్లగ్ హీట్ రేంజ్, అంటే ప్లగ్ తన వేడిని ఎంత త్వరగా వదిలేస్తుందన్న కొలత, తప్పినా అంతే. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్‌లలో అంకె పెరిగితే ప్లగ్ చల్లగా ఉంటుంది, బాష్ కంపెనీవాటిలో దీనికి తలకిందులు. అంకె చూసి అంచనాతో మార్చడం ప్రమాదం.

సీఎన్‌జీ కిట్ వేయించిన కార్లది ప్రత్యేక సంగతి. గ్యాస్ కోసం స్పార్క్‌ను కాస్త ముందుగానే వచ్చేలా చేసే పెట్టె పెట్రోల్‌కు మారినప్పుడు ఆగకపోతే నాకింగ్ ఖాయం. ఇది పరీక్షించకుండా ఆక్టేన్ మాట ఎత్తడం తప్పు.

కొత్త కార్లలో శబ్దమే రాకపోవచ్చు. బ్లాకుకు బిగించిన నాక్ సెన్సార్ నాకింగ్‌ను పసిగట్టగానే ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) స్పార్క్‌ను కాస్త ఆలస్యం చేస్తుంది. మైలేజీ, పికప్ మాత్రమే తగ్గుతాయి. సెన్సార్ బోల్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించాలి. వదులైనా, అతిగా బిగించినా అది తప్పుగా వింటుంది. స్కానర్‌లో నాక్ సెన్సార్ సర్క్యూట్ లోపాన్ని సూచించే పీ0325 కోడ్ వస్తే సెన్సార్ కంటే ముందు దాని వైరింగ్ చూడండి.

డ్రైవింగ్‌లోనూ లోపం ఉంటుంది. ఏసీ వేసి, ఐదుగురితో ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డును మూడో గేరులో ఈడ్చడం ఇంజిన్‌ను హింసించడమే. రెండో గేరుకు దించితే శబ్దం ఆగిందంటే పెట్రోల్‌ను నిందించనక్కర్లేదు. ఆగకపోతే ట్యాంకు పావు వంతుకు దిగాక ఒక్కసారి ఎక్కువ ఆక్టేన్ నింపి, అదే ఎత్తు, అదే గేరు, అదే బరువుతో నడపండి. తేడా లేకపోతే షెడ్డుకే వెళ్లాలి.

విజయవాడ, గుంటూరు బంకుల్లో ప్రతి పంపు మీదా ఆక్టేన్ అంకె, ఎథనాల్ శాతం పెద్ద తెలుగు అక్షరాల్లో రాయించాలని చమురు సంస్థలను కోరుతున్నాం. ఆటోనగర్ మెకానిక్‌లు కూడా ఖరీదైన పెట్రోల్ సూచించే ముందు కూలెంట్ ఉష్ణోగ్రత, కంప్రెషన్ రీడింగులు బిల్లు మీద రాసి ఇవ్వాలి.