సవరణ: అమెరికా ప్రొఫెసర్లకు వేసవిలో జీతంతో సెలవులని రాసింది సరికాదు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో అధ్యాపకులకు వేసవిలో మూడు నెలలు జీతంతో కూడిన సెలవులుంటాయని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు.

అక్కడ చాలామంది ప్రొఫెసర్ల నియామకం తొమ్మిది నెలలకే. జీతం ఆ విద్యా సంవత్సరం పనికే లెక్క. కొన్ని విశ్వవిద్యాలయాలు ఆ మొత్తాన్నే పన్నెండు భాగాలు చేసి ఇస్తాయి. జూన్, జులైలో ఖాతాలో పడే డబ్బును చూసి నేను సెలవు జీతం అనుకున్నాను, కానీ అది అంతకుముందు చేసిన పనికి దాచి ఇస్తున్న జీతమే.

వేసవికి వేరే జీతం కావాలంటే వేసవి కోర్సు చెప్పాలి, లేదా పరిశోధన గ్రాంటు తెచ్చుకోవాలి. గ్రాంటుకూ హద్దుంది. పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ మామూలుగా ఒక ప్రొఫెసర్‌కు ఏడాదికి, తానిచ్చే గ్రాంట్లన్నీ కలిపి, రెండు నెలల జీతానికి మించి ఇవ్వదు. ఆ సంస్థ నిబంధనల్లోనూ, విశ్వవిద్యాలయాల అధ్యాపక నియమావళుల్లోనూ ఈ వివరాలున్నాయి. సాహిత్యం, చరిత్ర లాంటి శాఖల్లో అలాంటి గ్రాంట్లు తక్కువ. అక్కడివాళ్లు పుస్తకం రాసుకునేది చాలాసార్లు జీతం లేని ఈ నెలల్లోనే. నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోచింది ఇదే.

పరిశోధక విద్యార్థుల థీసిస్‌లు దిద్దడం, పత్రాల సమీక్ష మాత్రం జీతం ఉన్నా లేకున్నా ఆగవు. ఎమ్మెస్, పీహెచ్‌డీలకు వెళ్లే మన పిల్లలు జూన్‌లో రాసిన మెయిలుకు జవాబు ఆలస్యమైతే ఈ సంగతి గుర్తుంచుకోండి. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను.