ఫొటో కింద పేరు

ఇవాళ ఆగస్టు 19, ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం. స్టూడియోలవాళ్లు ఫ్రాన్స్‌కు చెందిన డాగురే పటానికి దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, పెద్దవాళ్లకు శాలువాలు కప్పే రోజు. ఆయన ఫొటోగ్రఫీని కనిపెట్టింది ఈ రోజేనని చాలామంది అనుకుంటారు. కనిపెట్టడం అంతకుముందే అయిపోయింది. 1839లో ఫ్రాన్స్ ప్రభుత్వం డాగురేకీ, ఆయన భాగస్వామి నీప్స్ కొడుక్కీ పింఛను ఏర్పాటు చేసి, ఆ విద్య గుట్టును కొనుక్కుని, ఈ తేదీన అందరి ముందూ విప్పి చెప్పేసింది. ఇంగ్లండుకు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. అయిదు రోజుల ముందే అక్కడ పేటెంటు పుచ్చుకున్నారు! ఏమైనా, ఫొటోగ్రఫీ పుట్టినరోజంటూ మనం జరుపుకొంటున్నది అది పదిమంది సొత్తయిన రోజునే.

పదిమంది సొత్తుగానే నడిచి మూతపడిన ఒక పత్రిక సంగతి ఈ పూట చెప్పుకోవాలి. పేరు జెపిజి. 2004లో డెరెక్ పవాజెక్, హెదర్ చాంప్ అనే దంపతులు శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టారు. సంచికకో అంశం ఇస్తారు. ఫొటోలు పంపేది పాఠకులు, ఓట్లు వేసేదీ పాఠకులే. సంపాదకులు వాటిలోంచి ఏరి అచ్చు వేస్తారు. పెద్ద కెమెరా ఉందా, కాలేజీలో నేర్చుకున్నావా అని ఎవరూ అడగరు. తొలి ఆరు సంచికలను అడిగినవాళ్లకు అడిగినన్నే అచ్చు వేశారు. తర్వాత పెట్టుబడి వచ్చింది, కంపెనీ వచ్చింది, పత్రిక దుకాణాలకెక్కింది. అచ్చయిన ప్రతి ఫొటోకీ తీసినవాళ్ల పేరు, వంద డాలర్లు, పైగా ఉచిత చందా. 2007లో కంపెనీతో పొసగక ఆ దంపతులు బయటికొచ్చేశారు. తొలి ఆరు సంచికల ఊసే లేకుండా చరిత్ర చెప్పుకోవాలని చూడటం దగ్గరే తేడా వచ్చిందని పవాజెక్ అప్పట్లో రాసుకున్నాడు. అందరి పేర్లూ వేసిన పత్రికలో, పెట్టినవాళ్ల పేరు దగ్గరే పేచీ. 2008 మాంద్యంలో ప్రకటనలు ఎండిపోయాయి. 2009 జనవరి మొదటి వారంలో ఇక మూసేస్తున్నామని చెప్పేశారు. వేరేవాళ్లు కొనుక్కుని కొన్నాళ్లు లాగారు గానీ చివరికి అదీ ఆగింది.

పత్రికలు పోవడం మనకు కొత్తా? కాశీనాథుని వారి ‘భారతి’ 1991లో ఆగిపోయింది. ‘చందమామ’ కోసం పోస్ట్‌మాన్‌ దారి చూసిన ఇళ్లు ఎన్నో, అదీ పోయింది. 1937లో పుట్టిన అమెరికా ‘పాపులర్ ఫొటోగ్రఫీ’ 2017 దాకా బతికింది. కాగితం ధర, ప్రకటనల కరువు పత్రిక నడిపే మాకు ఒకరు చెప్పాల్సిన కష్టాలు కావు.

చేతిలో ఫోనుండగా ఇక ఫొటోల పత్రిక ఎందుకని అడిగేవాళ్లకు 2021 నవంబరు తిరుపతి వానలను గుర్తు చేస్తాం. తిరుమల కొండ మెట్ల మీద నుంచి నీళ్లు ఉరికొచ్చాయి. కపిలతీర్థం హోరు చూసి జనం గుండెలు చిక్కబట్టుకున్నారు. రాయలచెరువు కట్ట నీళ్లు కారుతోందని కింది ఊళ్లవాళ్లు మూటాముల్లె సర్దుకున్నారు. తిరుపతి శ్రీకృష్ణానగర్‌లో ఒకింటి సిమెంటు సంపు, లోపల శుభ్రం చేస్తున్న ఇల్లాలితో సహా, భూమిలోంచి పైకి లేచి నిలబడింది. చూడకపోతే ఎవరూ నమ్మరు. అందరం ఫోన్లలోనే చూశాం. తీసిందెవరు? ఎవరికీ తెలియదు. చేతులు మారిన కొద్దీ బొమ్మ మసకబారింది. మధ్యలో ఎక్కడివో వేరే వరదలు మన ఊరి పేరుతో కలిసిపోయాయి. ఇప్పుడు అసలు బొమ్మ కావాలంటే, తీసిన ఫోను ఏ ఎక్స్‌ఛేంజి ఆఫర్‌లో పోయిందో!

ఇందులో మా తప్పూ ఉంది. ఆ వారం మా జిల్లా పేజీలు నిండింది పాఠకులు పంపిన బొమ్మలతోనే. ఒక్కదాని కిందా పేరు వేయలేదు, ఒక్కరికీ రూపాయి ఇవ్వలేదు. వచ్చిందే చాలనుకున్నాం. మోకాలి లోతు నీళ్లలో నిలబడి తీసినవాళ్లకు మర్నాడు పేపర్లో తమ ఫొటో పరాయిదై కనబడి ఉంటుంది.

తిరుపతి గంగమ్మ జాతర విషయంలో ఇంకా అన్యాయం చేస్తున్నాం. ఏటా మే నెలలో బైరాగి వేషం నాడు తెల్లటి నామకొమ్ము, బండ వేషం నాడు కుంకుమ, తోటి వేషం నాడు బొగ్గు పూసుకుని ఊరు ఊరంతా రోడ్డెక్కుతుంది. మాతంగి వేషం నాటి పొద్దున ఏ ఇంట్లోకైనా తొంగి చూడండి. పాతికేళ్ల కొడుకు అమ్మ పట్టుచీర చుట్టుకుని కదలకుండా నిలబడి ఉంటాడు. అమ్మ నోట్లో పిన్నీసు పట్టుకుని, కింద కూర్చుని కుచ్చిళ్లు సర్దుతూ ఉంటుంది. నవ్వితే పిన్నీసు జారుతుందని నవ్వు ఆపుకుంటుంది. ఆ ఫొటో చెల్లెలి ఫోనులో ఉంటుంది. మా పేజీలో ఉండేది మాత్రం సారె తట్ట నెత్తిన పెట్టుకున్న నాయకుడి బొమ్మ, నాలుగు కాలమ్‌ల వెడల్పున.

అలాగని అంతా ఓట్లకే వదిలేస్తే ఏమవుతుందో ఊహించగలం. మొదటి నెల తలకోన జలపాతం, రెండో నెల మబ్బుల్లో ఏడుకొండలు, మూడో నెల మళ్లీ తలకోన! ఏరడానికి ఒక మనిషి ఉండాలి. ఇది ఎందుకు, అది ఎందుకు కాదు అని తిట్లు తినడానికైనా ఉండాలి. జెపిజిలో ఓట్ల తర్వాత సంపాదకుల బల్ల ఉండేది అందుకే. ఫోనులో ఫొటోలకు కొదవ లేదు, ఆ బల్ల లేదు.

పాత స్టూడియోల అటకల మీద మరో నిధి పాడైపోతోంది. నెగెటివ్‌ల డబ్బా మూత తీస్తే పులిసిన వాసన గుప్పుమంటుంది. ఫిల్ము కుళ్లుతోందని గుర్తు. బడి పిల్లల గ్రూపు ఫొటోలు, పెళ్లిళ్లు, చెరువు కట్ట మీద నిలబడ్డ పంచాయతీ పెద్దలు అందులో ఉన్నారు. కొడుకులు డిజిటల్‌లోకి వచ్చాక ఆ డబ్బాలు పాత సామాన్లవాడికి పోతున్నాయి. విశ్వవిద్యాలయాలున్న ఊరు మనది. చరిత్ర విభాగాలు ఒక స్కానరు, ఇద్దరు విద్యార్థులతో ఈ పని మొదలుపెట్టొచ్చు.

మా వంతుగా, వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం చిత్తూరు, తిరుపతి జిల్లా పేజీల్లో అర పేజీ పాఠకుల ఫొటోలకు కేటాయిస్తున్నాం. అచ్చయిన ఫొటో కింద పేరు, ఊరు ఉంటాయి. అయిదు వందల రూపాయలు ఇస్తాం. వంద డాలర్లకు ఇది ఏ మూలకూ రాదు, మా తాహతు అంతే. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి, అచ్చులో మసకబారకుండా ఉంటుంది. ఎక్కడ తీశారో, ఎప్పుడు తీశారో, అందులో ఎవరున్నారో రెండు ముక్కలు రాయండి. జాతర ఫొటో అయితే ఏ వేషం నాటిదో కూడా. కుచ్చిళ్లు సర్దుతున్న ఆ తల్లి ఒప్పుకుంటే, ఆమె పేరు కూడా.