రన్నింగ్ బోర్డుకి ఎం-సీల్ పెట్టమంటున్న ఆ మెసేజ్‌కి జవాబు

"పాత కారుకి తుప్పా? షెడ్డుకి పోయి డబ్బు తగలేయకండి, ఇంట్లోనే శాశ్వత పరిష్కారం" అంటూ ఎనిమిది చిట్కాల మెసేజ్ ఒకటి వానాకాలం మొదలైన దగ్గర్నుంచీ తిరుగుతోంది. చుట్టాల గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, చివరికి బళ్ల గురించి బాగా తెలిసినవాళ్లు కూడా "అందరికీ పంపండి" అని కింద దణ్ణాలు పెట్టి మరీ పంపుతున్నారు. పంపేముందు ఒక్కరైనా ఎవరి కారు కిందికైనా దూరి చూశారా? ఈ ఎనిమిదిలో రెండు హాస్యాస్పదం, మూడు నష్టం, ఒకటి ప్రాణాంతకం. ఆ ప్రాణాంతకమైనది వరుసలో నాలుగోది అయినా ముందు దాని సంగతే చూడాలి.

నాలుగో చిట్కా ఇది: "ఫ్లోరుకి, రన్నింగ్ బోర్డుకి చిల్లులు పడితే వెల్డింగ్ అక్కర్లేదు. తుప్పు గీకేసి ఎం-సీల్ గానీ ఫైబర్ మ్యాట్ గానీ పెట్టి పైన పుట్టీ లాగండి. ఇనుముకంటే గట్టి."

మారుతి 800కి, ఓమ్నీకి లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉండదు. అంబాసిడర్‌కి ఉంటుందని చాలామంది అనుకుంటారు గానీ దానికీ లేదు. మడిచి అతికిన రేకు పెట్టెలే బండి బరువంతా మోస్తాయి. డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రన్నింగ్ బోర్డు అందులో ముఖ్యమైనది. జాకీ ఆనించేది దాని అంచుకే. సీటు బోల్టులు, బెల్టు బోల్టులు దిగేది దానికీ, దాని పక్కనున్న ఫ్లోరుకీ. పక్కనుంచి ఇంకో బండి గుద్దితే లోపలివాళ్లకీ దానికీ మధ్య నిలబడేది అదే. అక్కడ పిసికి అతికించే ఎం-సీల్ ముద్ద పెట్టమని చెబుతున్నారు.

అసలు అక్కడ తుప్పు ఎలా వస్తుందో దగ్గర్నుంచి చూడండి. వెనక చక్రానికి కాస్త ముందు, రన్నింగ్ బోర్డు ముగిసే చోట, పెయింటు కందిగింజంత పొక్కుతుంది. గోరుతో నొక్కితే మెత్తగా తగులుతుంది. చాకు మొనతో గిల్లితే టీ రంగు నీటిచుక్క ఒకటి వస్తుంది, ఆ వెనకే పెళుసు పెచ్చు రాలుతుంది. ఇప్పుడు స్క్రూడ్రైవర్ పిడితో అక్కణ్ణుంచి ముందుకి తట్టుకుంటూ రండి. మంచి రేకు టంగుమంటుంది. పోయిన రేకు అట్టపెట్టె మీద కొట్టినట్టు బద్దుమంటుంది. ఆ బద్దుమనే శబ్దం పొక్కు దగ్గర ఆగిపోదు, చాలాసార్లు జానెడు దూరం వినిపిస్తుంది. ఎందుకంటే రన్నింగ్ బోర్డు లోపల బోలుగా ఉండే పెట్టె, తుప్పు లోపల్నుంచి బయటికి తింటూ వచ్చింది. బయట రూపాయి బిళ్లంత చిల్లు కనిపించడమంటే అది చివరి దశ.

ఆ చిల్లులో ఎం-సీల్ పెడితే ఏమవుతుంది? మీరు గీకింది బయటి వైపు మాత్రమే. ముద్ద అంచులు పట్టుకున్నది తుప్పు పొడిని. బండి గతుకుల్లో పడినప్పుడల్లా రేకు ఊగుతుంది, ముద్ద ఊగదు. ఎండకి రేకూ ముద్దా ఒకేలా సాగవు. కొన్ని నెలల్లో అంచు చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది, ఆ సందు నీటిని పీల్చుకుంటుంది. ముద్ద వెనక ఆ తడి ఆరదు. పైన పటారం, లోన లొటారం. పైకి నున్నగా పెయింటుతో మెరుస్తున్న ఆ చోట స్టెపినీ మార్చడానికి జాకీ పెడితే రేకు లోపలికి నలిగి బండి కూలుతుంది. అప్పుడు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఉండేది ఈ మెసేజ్ రాసిన మనిషి కాదు. ఎం-సీల్ నీళ్ల పైపుకి మంచి సరుకే. మనుషుల్ని మోసే చోటుకి కాదు.

సరైన పని కష్టమే గానీ రహస్యమేమీ కాదు. ముందు సీట్లు, కార్పెట్, దాని కింద ఫెల్టు మొత్తం బయటికి తీయాలి. ఫెల్టు అంటుకుంటే మంట కనిపించదు, లోలోపల రాజుకుంటుంది. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పాలి. పెట్రోలు పైపు, బ్రేకు పైపు, వైరింగు ఎటు పోతున్నాయో చూసుకోవాలి. పని ట్యాంకు దగ్గరైతే ట్యాంకు దించాల్సిందే, తడిగోనె కప్పితే సరిపోతుందనే మాట నమ్మొద్దు. బకెట్ నీళ్లు, మంటలార్పే సిలిండరు చేతికందేలా పెట్టుకుని పక్కన ఒక మనిషి కాపలా ఉండాలి.

రన్నింగ్ బోర్డు కోసేముందు బండిని నాలుగు వైపులా సమంగా స్టాండ్ల మీద నిలపాలి, డోర్లు వేసి గ్యాపులు కొలిచి రాసుకోవాలి, డోరు ఖాళీకి అడ్డంగా ఒక రాడ్డు టాక్ చేయాలి, అంటే చుక్క వెల్డింగ్‌తో నిలపాలి. రెండు పక్కలా ఒకేసారి కోస్తే బండి నడుం వంగుతుంది, ఆ తర్వాత డోరు జన్మలో సరిగ్గా పడదు. తుప్పు కనిపించిన చోటుతో ఆపకుండా ఇంకో 25 మి.మీ. దాటి, తెల్లగా మెరిసే రేకు దాకా కోయాలి. అతుకు మూలలు గుండ్రంగా ఉండాలి, పదునైన మూల దగ్గర పగులు మొదలవుతుంది. ఫ్లోరుకి, రన్నింగ్ బోర్డుకి 18 గేజి సీఆర్ షీటు (పూత లేని మామూలు ఉక్కు రేకు), అంటే సుమారు 1.2 మి.మీ. మందం. బయటి ప్యానెళ్లకి 20 గేజి, 0.9 మి.మీ. తుప్పు పట్టదు కదా అని జింకు పూత ఉన్న జీఐ షీటు తెచ్చేవాళ్లున్నారు. దాని మీది జింకు గీకకుండా వెల్డింగ్ చేస్తే అతుకులో బుడగలు పడతాయి, ఆ పొగ పీల్చిన కుర్రాడికి రాత్రికి చలిజ్వరం వస్తుంది.

వెల్డింగ్ సీఓటూదే (గన్నులోంచి సన్న వైరు, దాని చుట్టూ సీఓటూ గ్యాసు వచ్చేది) కావాలి, 0.8 మి.మీ. వైరు. గ్యాస్ వెల్డింగ్ రేకుని బాగా వేడెక్కించి అలలు తేలుస్తుంది, మామూలు ఆర్క్ రాడ్డు పల్చటి రేకుకి కొత్త చిల్లులు పెడుతుంది. 25 మి.మీ.కి ఒకటి చొప్పున టాకులు వేస్తూ, ఒకటి ఇక్కడ, తర్వాతది ఎదుటి మూలన, మధ్యలో చల్లారనిస్తూ పోవాలి. కంపెనీ స్పాట్ వెల్డింగ్ ఉన్న అంచుల్లో కొత్త రేకుకి 6 నుంచి 8 మి.మీ. రంధ్రాలు వేసి వాటిని వెల్డింగ్‌తో నింపాలి. పాత తుప్పు మీదే కొత్త రేకు కప్పి చుట్టూ వెల్డింగ్ కొట్టే షెడ్లు చాలా ఉన్నాయి. అది రెండు రేకుల మధ్య తడిని దాచిపెట్టడం. ఎం-సీల్‌కీ దానికీ పెద్ద తేడా లేదు.

గ్రైండింగ్ అయ్యాక అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేయాలి. మామూలు రెడాక్సైడ్, అంటే ఆ ఎర్ర ప్రైమర్, తేమని ఆపదు. అతుకుల మీద సందులు మూసే సీమ్ సీలర్ వేయాలి. పుట్టీ అప్పుడు, ప్రైమర్ మీద, 2-3 మి.మీ. మించకుండా. మన షెడ్లలో పుట్టీని నీళ్లు పోసి రుద్దడం అలవాటు. పుట్టీ ఆ నీటిని తాగేస్తుంది, దాని మీద పెయింటు వేస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ అదే పొక్కు. పుట్టీని పొడి ఉప్పుకాగితంతోనే, 80 నంబరుతో మొదలుపెట్టి 180 దాకా రుద్దాలి. నీళ్లు ఆ తర్వాత పెయింటుకి ముందు వేసే సర్ఫేసర్ కోటు దగ్గర వాడుకోవచ్చు. ఇంకొకటి, దాదాపు అందరూ వదిలేసేది: వెల్డింగ్ వేడికి రేకు లోపలి వైపు పెయింటు కాలిపోయి ఉంటుంది. పెయింటు పనంతా అయ్యాక పొడవాటి నాజిల్‌తో లోపలంతా క్యావిటీ వ్యాక్సు (బోలు భాగాల్లో కొట్టే మైనం) కొట్టకపోతే కొత్త రేకు పాతదానికంటే త్వరగా పోతుంది.

ఇక మూడో చిట్కా. "డోర్ల అడుగున ఉండే చిన్న రంధ్రాల్లోంచి నీళ్లు లోపలికి పోతాయి, వాటిని మూసేయండి." ఇది రాసినవాళ్లకి డోరు ఎలా పని చేస్తుందో తెలియదు. నీళ్లు వచ్చేది పైనుంచి, అద్దం రబ్బరు పక్కనుంచి. ఎంత కొత్త బండికైనా వస్తాయి. ఆ నీళ్లు పోవడానికే కింద రంధ్రాలు పెట్టారు. మూస్తే డోరు తొట్టె అవుతుంది. ప్రతి వానాకాలానికి ముందు చీపురుపుల్లతో వాటిని పొడవండి. కొబ్బరి ఈనె వంగుతుంది గానీ పెయింటు గీయదు, స్క్రూడ్రైవర్ గీస్తుంది. రన్నింగ్ బోర్డు అడుగున, డిక్కీలో స్టెపినీ గుంటలో కూడా చూడండి. అన్నిటికంటే ముందుగా చూడాల్సింది ముందు అద్దం కింద వైపర్ల దగ్గరి జాలీ. చెట్టు కింద పెట్టే బండికి అక్కడ వేపాకు, తురాయి రెక్కలు పేరుకుని బురదగా మారతాయి, పోయే దారి లేని నీళ్లు డ్రైవరు కాళ్ల కింద కార్పెట్‌లోకి దిగుతాయి. హైదరాబాదులో సముద్రం లేకపోయినా ఫ్లోర్లు పోవడానికి ఈ తడి కార్పెట్ పెద్ద కారణం.

మొదటి చిట్కా: నిమ్మరసంలో ఉప్పు కలిపి రుద్దాలట, లేదా కోలా పోయాలట. విశాఖ బీచ్ రోడ్డులో, కాకినాడలో, మచిలీపట్నంలో జనం బళ్లని దేన్నుంచి కాపాడుకోలేక అవస్థ పడుతున్నారో ఆ ఉప్పునే చేత్తో తీసుకుని రుద్దమంటున్నారు! రేకు మడతల్లోకి దిగిన ఉప్పు ఎంత కడిగినా పూర్తిగా పోదు. కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మాట నిజమే, విప్పిన బోల్టుని రాత్రంతా నానబెడితే తుప్పు వదులుతుంది. బోల్టుకి సరే. బాడీకి వద్దు, ఆ చక్కెర, ఆ ఆమ్లం అతుకుల్లో మిగిలిపోతాయి. తేలికపాటి తుప్పుకి రస్ట్ కన్వర్టర్ అనే ద్రవం దొరుకుతుంది. వైర్ బ్రష్‌తో పెచ్చులన్నీ పోగొట్టాక రేకుని అంటిపెట్టుకున్న పల్చటి పొర మీద అది నల్లగా మారి పని చేస్తుంది. పెచ్చుల మీద, చిల్లుల మీద చేయదు.

అయిదోది, తుప్పు మీదే నల్ల రబ్బరు కోటింగ్ కొట్టించడం. కోటింగ్ తప్పు కాదు, వరస తప్పు. శుభ్రమైన రేకు, ప్రైమర్, సీలర్, ఆ తర్వాత కోటింగ్. తుప్పు మీద కొడితే అది కింద ఎండని, గాలిని రానివ్వదు, అంచుల్లోంచి చేరిన నీటిని మాత్రం బయటికి పోనివ్వదు. పాత బండి కొనేటప్పుడు అడుగుభాగం కొత్తగా నల్లగా నిగనిగలాడుతుంటే సంతోషించకండి, స్క్రూడ్రైవర్ పిడి తీయండి.

ఆరోది జింకు ముక్క. ఓడలకి కట్టినట్టే బాడీకి బోల్టు చేస్తే తుప్పు రాదట. విశాఖ రేవులో ఓడకి జింకు పని చేసేది ఓడా జింకూ రెండూ ఒకే ఉప్పునీటిలో మునిగి ఉంటాయి కాబట్టి. మీ కారు గాలిలో ఉంది. వదిలేయండి. ఏడోది ప్లాస్టిక్ కవరు: కప్పితే లోపల ఆవిరి పట్టి బండి ఉడుకుతుంది. గాలాడే గుడ్డ కవరు వేయండి, అదీ బండి ఆరాకే.

రెండో చిట్కా, కాలిన ఇంజన్ ఆయిల్ డీజిల్లో కలిపి అడుగున కొట్టడం. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. దీని వెనకున్న ఆలోచన ఈ మెసేజ్ మొత్తంలో నిజానికి దగ్గరగా ఉన్నది. నూనె పొర నీటిని, గాలిని రేకు దాకా రానివ్వదు. పాతకాలపు డ్రైవర్లు ఊరికే కొట్టలేదు, అలా కొట్టిన బళ్ల అడుగు నిజంగానే ఎక్కువ కాలం నిలిచింది. నేను పైన చెప్పిన క్యావిటీ వ్యాక్సు చేసేదీ అదే పని. తప్పంతా సరుకులో ఉంది. కాలిన ఆయిల్లో ఆమ్లాలు, లోహపు పొడి ఉంటాయి. అది రబ్బరు బుష్‌లని ఉబ్బించి మెత్తబరుస్తుంది, బ్రేకు మీద కారితే బ్రేకు పట్టదు, వేడి సైలెన్సర్ మీద పొగలొస్తుంది, చర్మానికి మంచిది కాదు, వానలకి కొట్టుకుపోయి కాలవలో కలుస్తుంది. రేపు అక్కడ వెల్డింగో పెయింటో చేయాలంటే ఆ జిడ్డు వదిలించడం నరకం. కాబట్టి ఆ పద్ధతి ఉంచుకోండి, ఆయిల్ మార్చండి: బోలు భాగాల్లో వ్యాక్సు, ఏడాదికోసారి చూసుకోవడం, కొట్టాక నీళ్ల రంధ్రాలు మూసుకుపోకుండా మళ్లీ చీపురుపుల్ల.

ఎనిమిదోది: "15 ఏళ్లు దాటిన కారు ఎలాగూ స్క్రాపే, ఖర్చు దండగ." ఢిల్లీ చుట్టుపక్కల నడిచిన నిబంధనల్ని దేశమంతటికీ అంటగట్టారు. మన రెండు రాష్ట్రాల్లో సొంత కారుకి 15 ఏళ్ల తర్వాత తనిఖీ చేయించుకుని ఆర్‌సీని అయిదేసి ఏళ్లకి రెన్యువల్ చేయించుకోవచ్చు. డబ్బు లెక్క మాత్రం నిజం. మారుతి 800 తయారీ 2014 జనవరిలోనే ఆగింది, సరిగ్గా చేసిన తుప్పు పని ఖర్చు ఆ బండి అమ్మకపు ధరని సులువుగా దాటుతుంది. నాన్న కొన్న బండి అని చేయించుకునేవాళ్లు అది తెలిసే చేయించుకుంటారు. ముందు చక్రాల మీది మడ్‌గార్డుల్లాంటి బోల్టు భాగాలు పోతే బాగుచేయించొద్దు, కొత్తవి బిగించండి, చవక. బానెట్ కింద స్ట్రట్ (ముందు చక్రం షాక్ అబ్జార్బరు) బిగించే చోటు, ముందుకి పొడుచుకొచ్చే రేకు పెట్టెలు (షెడ్డు భాషలో ఛాసిస్ కొమ్ములు), రెండు రన్నింగ్ బోర్డులు కలిపి పోయి ఉంటే మాత్రం ఎంత ప్రేమ ఉన్నా రోడ్డెక్కించొద్దు.

ఈ మెసేజ్ చూసి ఇప్పటికే రన్నింగ్ బోర్డుకి ఎం-సీల్ పెట్టినవాళ్లు ఉంటే, దయచేసి ఆ పక్క జాకీ పెట్టకండి. ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి డోరు కింద పొడవునా జరపండి. పట్టు వదిలిన చోటల్లా చాక్‌పీసుతో గీత గీయండి. ఆ గీతల్ని లిఫ్ట్ ఉన్న షెడ్డులో టింకరింగ్ (రేకు పని) మేస్త్రీకి చూపించి, "పుట్టీ వద్దు, కోసి రేకు వెయ్యి" అని చెప్పండి.